ఫజర్‌కి పరుగు, ఇషాకి పాకుడు

మా కొత్తవాడలో ఎవరైనా "నెట్ రావట్లేదు" అంటే అవతలివాళ్లు అడిగే మొదటి సవాల్ "ఏమైంది?" అని కాదు, "ఎవరిది?" అని. కంపెనీ పేరు చెప్పగానే "హా... అదా" అంటారు. అంతే, తష్ఖీస్ అయిపోయింది. హకీం సాబ్ నాడి పట్టకుండానే మర్జ్ చెప్పేసినట్టు. తర్వాత ఇద్దరూ కలిసి కాసేపు ఆ కంపెనీని తిట్టుకుని, చాయ్ తాగేసి, "ఏం చేస్తం భాయ్, మన బస్తీకి ఇంతే" అని లేచిపోతారు.

ఈ "మన బస్తీకి ఇంతే" మీదే నా షికాయత్. వాన పడకపోతే ఆ మాట అనుకోవచ్చు. నెలకి ఐదారొందలు జేబులోంచి తీసి ఇచ్చి కొనుక్కున్న సామాను గురించి తఖ్దీర్ అనుకోవడం ఏంటి? మండీ బజార్‌లో కిలో గోష్ కొంటే తరాజు ముల్లు వైపు చూస్తాం. వంద గ్రాములు తక్కువ తూగితే దుకాణం ముందే నిలబడి గొడవ పెడతాం. నెట్ దగ్గరికి వచ్చేసరికి తరాజు ఉందన్న సంగతే మర్చిపోతాం. తరాజు ఉంది. ఉచితంగా ఉంది. దాన్ని ఎలా పట్టుకోవాలో తెలియకపోవడం వల్ల తప్పు ఇంట్లో ఉన్నవాళ్లు కంపెనీని తిడుతున్నారు, తప్పు బయట ఉన్నవాళ్లు వెయ్యి రూపాయలు పెట్టి కొత్త రౌటర్ కొంటున్నారు.

సినిమా మధ్యలో చక్రం తిరుగుతోందన్న బాధ గురించి కాదు నేను రాస్తున్నది. మా గల్లీలో ఒక ఆపా షోహర్ దుబాయ్‌లో ఉంటాడు. అక్కడ వాట్సాప్ కాల్ మీద బందిష్, అందుకని వేరే యాప్‌లో మాట్లాడుకుంటారు. అక్కడి సర్కారు బందిష్ దాటుకుని వచ్చిన గొంతు ఇక్కడికొచ్చి మా గల్లీ మలుపులో తెగిపోతుంది. పిల్లలకి అబ్బా ముఖం ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది. వెనక గల్లీలో ఇంటర్ అమ్మాయి నీట్ మాక్ టెస్ట్ రాస్తుంటుంది. పేజీ నిలిచిపోతుంది, గడియారం నిలవదు. ఇక కొత్తవాడ అంటేనే మగ్గాలు. వరంగల్ జంపఖానాలకి 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కొనే సేఠ్ ఇప్పుడు ప్రతిసారీ ఊరికి రాడు, వీడియోలో రంగు చూపించమంటాడు. నేసినవాడు ఎర్రటి జంపఖానా పరిచి పట్టుకుంటే అవతల అది మట్టి రంగులో గళ్లు గళ్లుగా కనిపిస్తే బేరం ఎక్కడ కుదురుతుంది? వీళ్లలో ఎవరికీ హైటెక్ సిటీ స్పీడు అక్కర్లేదు. వీడియో కాల్‌కి ఒకట్రెండు ఎంబీపీఎస్ చాలు. కావల్సింది తెగకుండా రావడం.

సరే, తరాజు సంగతి. స్పీడ్ టెస్ట్ ఒక్కసారి కొట్టి, ఆ నంబర్ స్టేటస్‌లో పెట్టి తిడితే ఏమీ తేలదు. నేను అడిగినవాళ్లందరికీ చెప్పే తరీఖా ఒకటే: ఐదు వక్తులు. ఫజర్, జొహర్, అసర్, మగ్రిబ్, ఇషా. నమాజు అయ్యాక ఒక్క నిమిషం. మూడు రోజులు చేస్తే పదిహేను నంబర్లు వస్తాయి, పిల్లల నోట్‌బుక్ వెనక అట్ట మీద రాసి పెట్టుకోండి. నమాజు లేనివాళ్లకి కూడా అజాన్ వినపడుతుంది కదా, అదే అలారం. మా పక్కింటి పద్మశాలి అన్నకి ఇదే చెబితే "ఇన్నేండ్లకు మీ మైకు నాకు గిట్ల పనికొచ్చింది భాయ్" అని నవ్వాడు. మూడు రోజులు సరిగ్గా రాశాడు కూడా.

ప్రతి వక్తులోనూ రెండు చోట్ల కొలవాలి. ఒకటి, రౌటర్‌కి లాన్ వైరుతో నేరుగా కలిపిన ల్యాప్‌టాప్‌లో. రెండు, మీరు రోజూ కూర్చునే చోట ఫోన్‌లో. ల్యాప్‌టాప్ లేకపోతే ఫోన్‌ని రౌటర్ పక్కనే పెట్టి, పేరు చివర 5జీ అని ఉండే వైఫైకి కలిపి కొలవండి. అది సిమ్ 5జీ కాదు, 5 గిగాహెర్ట్జ్ వైఫై. ఈ పేరు పెట్టినవాళ్ల వల్ల మా బస్తీలో సగం మంది ఇంట్లో 5జీ నెట్ ఉందనుకుంటున్నారు. కొలిచే నిమిషంలో ఇంట్లో టీవీ, మిగతా ఫోన్లు ఆపించండి. ఇది చెప్పినంత ఆసాన్ కాదని తెలుసు. సీరియల్ టైమ్‌లో అమ్మీ చేతిలోంచి రిమోట్ తీసుకునే హిమ్మత్ నాకూ లేదు. అందుకే ఇషా కొలత సీరియల్ బ్రేకులో.

ఇప్పుడు నంబర్లు చదవండి. వైరు మీద ఐదు వక్తులూ బాగానే ఉండి, మీరు కూర్చునే చోట మాత్రం చచ్చిపోతుంటే మర్జ్ ఇంట్లో ఉంది, కంపెనీ బేకసూర్. వైరు మీద ఫజర్‌కి 90 వచ్చి ఇషాకి 8 వస్తుంటే మర్జ్ గల్లీలోనో ఆపరేటర్ గదిలోనో ఉంది, మీరు ఎన్ని రౌటర్లు మార్చినా ఫాయిదా లేదు. వైరు మీద ఐదు వక్తులూ తక్కువే అయితే లైను పాడైనా అయి ఉండాలి, మీ ప్లానే అంత అయినా అయి ఉండాలి, మధ్యలో ఏ పాత పరికరమో గొంతు పట్టుకుని అయినా ఉండాలి. ఈ మూడు ముక్కలు చేతిలో ఉంటే కస్టమర్ కేర్ అబ్బాయితో మాటే వేరు. "రీస్టార్ట్ చేశారా సార్?" అనే పల్లవి రెండోసారి పాడడు.

ఇంటి లోపలి మర్జ్ మా వైపు ఎక్కువ. పాత ఇళ్లు కొన్ని నిజాం జమానావి, రాయీ సున్నమూ గోడలు, అడుగున్నర మందం. ఆ గోడలు ఎండాకాలం మనల్ని కాపాడతాయి, వైఫైని మాత్రం ఖతం చేస్తాయి. దానికి తోడు రౌటర్‌ని మనం పెట్టే జాగా చూడండి: టీవీ వెనక, ఇనుప షోకేసులో, మెహమాన్ల పింగాణీ సెట్ పక్కన, పైన అల్లిక జాలీ కప్పి. దుమ్ము పడకూడదనే మొహబ్బత్ నాకర్థమవుతుంది. కానీ ఇనుము రేడియో తరంగాన్ని దాటనివ్వదు. బీరువా, నీళ్ల డ్రమ్ము, చేపల తొట్టి, వెనక పాదరసం పూసినట్టుండే పెద్ద అద్దం, ఇవన్నీ తరంగానికి దుష్మన్లే. రౌటర్‌ని ఇంటి మధ్యలోకి తెచ్చి, మనిషి తల ఎత్తున, ఏ తలుపు ఎక్కువసేపు తెరిచి ఉంటుందో ఆ తలుపుకి ఎదురుగా పెడితే, ఒక్క పైసా ఖర్చు లేకుండా సగం ఇళ్లలో కథ మారుతుంది.

రెండో సంగతి పొరుగువాళ్లు. మన ఇళ్లు గోడకి గోడ. ఫోన్‌లో వైఫై జాబితా తెరిస్తే ఇరవై పేర్లు కనిపిస్తాయి. 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో ఒకదాని మీద ఒకటి పడకుండా నడిచే దారులు మూడే: 1, 6, 11 నంబర్లు. ఇరవై ఇళ్లు మూడు దారుల్లో దూరితే ఏమవుతుందో పండగ ముందు రోజు మండీ బజార్‌లో స్కూటర్ నడిపినవాళ్లకి చెప్పక్కర్లేదు. 5 గిగాహెర్ట్జ్‌లో దారులు చాలా ఉన్నాయి, స్పీడు ఎక్కువ, అయితే అది గోడ దాటలేదు. కాబట్టి రౌటర్ ఉన్న గదిలో టీవీ, చదువుకునే పిల్లల ల్యాప్‌టాప్ 5లో పెట్టండి, దూరంగా ఉన్న ఫోన్లు 2.4లో ఉండనివ్వండి. చదువుకునే గది రెండు గోడల అవతల ఉంటే వైఫై పెంచే డబ్బాల జోలికి పోకుండా లాన్ వైరు లాగించండి. చౌక రిపీటర్ గాలిలో విన్నది మళ్లీ గాలిలోనే చెబుతుంది, సగం తాకత్ అక్కడే పోతుంది. కరెంటు పని చేసే అబ్బాయిని పిలిచి పదిహేను మీటర్ల క్యాట్-6 వైరు గోడ వారగా కొట్టించడం రిపీటర్ కంటే చౌక, పదేళ్లు పడి ఉంటుంది.

లెక్క తెలియకపోవడం వల్ల కూడా నాహక్ కొట్లాటలు జరుగుతున్నాయి. కంపెనీ అమ్మేది మెగాబిట్లు, డౌన్‌లోడ్ చేసేటప్పుడు ఫోన్ చూపించేది మెగాబైట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు. 40 ఎంబీపీఎస్ ప్లాన్‌లో ఫైలు సెకనుకి 5 ఎంబీ చొప్పున దిగుతుంటే తూకం సరిగ్గానే ఉంది, పాపం దుకాణదారుని అనకండి. ఇంకొకటి: 200 ప్లాన్ తీసుకున్నాక వైరు మీద ఎప్పుడు కొలిచినా 94, 95 దగ్గరే కదలకుండా నిలిచిపోతుంటే, రౌటర్‌దో ల్యాప్‌టాప్‌దో పోర్టు 100 దాకానే ఉందని, లేదా లాన్ వైరులో ఎనిమిది తీగల బదులు నాలుగే పని చేస్తున్నాయని అర్థం. అంత కచ్చితంగా ఒకే చోట ఆగిపోయే స్పీడు రద్దీ వల్ల రాదు. రద్దీ అంకె కిందా మీదా పడుతుంది.

అప్‌లోడ్ గురించి ఎవరూ అడగరు గానీ గల్ఫ్ కాల్స్ తెగడానికి చాలాసార్లు ముజ్రిమ్ అదే. కొన్ని చౌక ప్లాన్లలో కిందికి వచ్చే స్పీడు ఎక్కువ, పైకి వెళ్లేది తక్కువ. ఇంట్లో ఎవరిదో ఫోన్ షాదీలో తీసిన నాలుగొందల ఫోటోలు, వీడియోలు ఆ టైమ్‌లోనే క్లౌడ్‌లోకి ఎక్కిస్తుంటుంది. ఆ సన్నటి దారి నిండిపోతుంది. మన గొంతు దాని వెనక క్యూలో నిలబడుతుంది. ఫోటో బ్యాకప్‌ని రాత్రి పెట్టుకోండి. దుకాణానికి, ఇంటి ముందుకి సీసీ కెమెరాలు పెట్టినవాళ్లు కూడా ఒకసారి చూసుకోండి, రోజంతా క్లౌడ్‌కి వీడియో పంపే కెమెరా రెండు ఉంటే చాలు.

ఇక ఇల్లు పాక్ సాఫ్ అని తేలాక మొదలవుతుంది అసలు కథ. ఫజర్‌కి పరుగెత్తి ఇషాకి పాకే నెట్.

గల్లీ దాకా వచ్చిన ఒక ఫైబర్ పోగుని స్ప్లిటర్ అనే చిన్న డబ్బాలో 32 లేదా 64 ఇళ్లకి పంచుతారు. ఇప్పుడు ఎక్కువ వాడుకలో ఉన్న జీపాన్ పద్ధతిలో ఆ పోగు కిందికి మోసేది సుమారు 2,488 ఎంబీపీఎస్. 64తో భాగిస్తే ఇంటికి 39 దగ్గర. అందరూ ఒకే సెకనులో ఒకేసారి లాగరు కాబట్టి 100 ప్లాన్లు అమ్మడం ధోఖా కాదు. మున్సిపాలిటీ నల్లా కూడా అట్లాగే నడుస్తుంది. ధోఖా ఆ పోగు అవతలి చివర మొదలవుతుంది. ఆపరేటర్ పెద్ద కంపెనీ దగ్గర టోకున ఎంత బ్యాండ్‌విడ్త్ కొంటున్నాడు? ఇళ్లు రెట్టింపయ్యాక ఆ కొనుగోలు పెంచాడా? మీ ప్లాన్ కాగితం మీద ఈ హిసాబ్ ఎక్కడా ఉండదు. అక్కడ ఉండేది "దాకా" అనే ఒక్క మాట. వంద దాకా. సున్నా కూడా వంద దాకా లోపలే ఉంది కదా. ఏదైనా బేరంలో ఇంత బారీక్‌గా కొనేవాణ్ని కట్టేసే మాట ఇంకోటి నేను చూడలేదు.

ఇక్కడ నేను కేబుల్ అబ్బాయి తరఫున ఒక మాట చెప్పాలి, నచ్చనివాళ్లు మాఫ్ చేయండి. నిచ్చెన భుజాన వేసుకుని వచ్చే ఆ కుర్రాడు మన గల్లీవాడే, వాళ్ల నాన్న మగ్గం మీద కూర్చున్నవాడే. వానలో స్తంభం ఎక్కేది వాడు, "మన దిక్కెళ్లి క్లియర్ ఉంది అన్నా, పైనుంచి డౌన్" అని తిట్లు తినేది వాడు. బ్యాండ్‌విడ్త్ ఎంత కొనాలో నిర్ణయించేది వాడు కాదు. వాడి కాలర్ పట్టుకుంటే మనకొచ్చేది వాడి నారాజ్‌గీ మాత్రమే, మరుసటి వారం ఎర్ర లైటు వెలిగినప్పుడు మన ఇల్లు వాడి జాబితాలో చివరికి పోతుంది. నేను వాడికి మర్యాదగా చాయ్ ఇచ్చి ఒకటే అడుగుతాను: "బేటా, ఆప్టికల్ పవర్ ఎంతుందో చూడు." మైనస్ 20 అటూ ఇటూ ఉంటే బాగున్నట్టు, మైనస్ 27 దాటి కిందికి పోతుంటే పోగు ఎక్కడో ఒంగింది, లేదా జాయింటు పాడైంది. దాన్ని వాడు సరిచేయగలడు. ఇషా రద్దీని వాడు సరిచేయలేడు. ఏది ఎవరి జిమ్మేదారో విడదీసి అడగడమే ఇన్సాఫ్.

ఆ పోగులన్నీ వేలాడేది కరెంటు స్తంభాల మీద. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి మనుషులు చనిపోయారు. ఆ తర్వాత అక్కడి విద్యుత్ సంస్థ స్తంభాల మీది కేబుళ్లని పెద్దఎత్తున కోసింది, వేల ఇళ్లలో నెట్ పోయింది, గొడవ హైకోర్టు దాకా వెళ్లింది. ప్రాణం ముందు నెట్ ఎంత, ఆ కోతని నేను తప్పు పట్టను. ఇన్నేళ్లు ఆ వైర్లని జడలు జడలుగా పెరగనిచ్చిందెవరని మాత్రం అడుగుతాను. మన ఉత్తర డిస్కం హెడ్డాఫీసు ఈ ఊళ్లోనే ఉంది. పీర్ల ఊరేగింపులు, వినాయకులు, బతుకమ్మ రాత్రులు, అన్నీ ఈ వైర్ల కిందనుంచే నడుస్తాయి. వైర్లని సర్ది, చచ్చిపోయిన కేబుళ్లని తీసేసి, మిగతావాటికి ఒక పద్ధతి పెట్టడానికి ఎవరో చనిపోయేదాకా ఆగాలా? చక్కగా సర్దిన స్తంభం మీద రెండో కంపెనీకి, మూడో కంపెనీకి జాగా దొరుకుతుంది. ఇప్పుడున్న జంజాటంలో కొత్తవాడు రావాలన్నా భయపడతాడు.

సర్కారు వాదాల హిసాబ్ కూడా ఒకసారి చూద్దాం. 2012 టెలికాం విధానంలో బ్రాడ్‌బ్యాండ్ అంటే కనీసం 2 ఎంబీపీఎస్ అని 2015 కల్లా చేస్తామన్నారు. ఆ నిర్వచనం మారింది 2023 జనవరిలో. అప్పటిదాకా 512 కేబీపీఎస్ వచ్చినా కాగితం మీద అది బ్రాడ్‌బ్యాండే. ఇప్పుడు కూడా 2 ఎంబీపీఎస్ అంటే ఇషాకి మనకొచ్చే నెట్ కూడా పాస్ మార్కులతో గట్టెక్కుతుంది. 2018 విధానంలో 2022 కల్లా ప్రతి పౌరుడికీ 50 ఎంబీపీఎస్ అన్నారు. ఆ సంవత్సరం వచ్చింది, పోయింది.

పల్లెలకి భారత్‌నెట్ ఉంది. తెలంగాణ ఫైబర్ గ్రిడ్ మిషన్ భగీరథ నీళ్ల గొట్టాల కోసం తవ్విన కందకాల్లోనే ఫైబర్ వేసుకుంటూ పోయింది, ఆలోచన నిజంగా మంచిది, 2024 డిసెంబరులో కొన్ని గ్రామాల్లో ఇళ్లకి ఇవ్వడం మొదలుపెట్టారు. ఆంధ్రలో 2017లోనే ఫైబర్‌నెట్ 149 రూపాయల ప్యాకేజీతో వచ్చింది. ఇవన్నీ ఎంత బాగా నడిచాయన్నది వేరే బహస్. నా సవాల్ ఇది: గ్రామ పంచాయతీ పేరు మీద స్కీము ఉంది, అపార్ట్‌మెంట్ల దగ్గర కంపెనీలే పోటీపడి గేటు ముందు గొడుగు వేసుకుని కూర్చుంటాయి, మధ్యలో మిగిలిన మా లాంటి పాత బస్తీ ఎవరి లెక్కలోకి వస్తుంది? మేం పంచాయతీ కాదు, గ్రేటర్ వరంగల్. అయినా కంపెనీ కళ్లకి లాభం కనిపించే గ్రేటర్ కాదు. కేరళ కేఫాన్ 2023 జూన్‌లో మొదలైనప్పుడు పేద ఇళ్లు 20 లక్షలకి ఉచితం అన్నారు. అనుకున్నంత వేగంగా అది నడవలేదు. అయినా ఊరూ బస్తీ తేడా లేకుండా పేదరికాన్ని చూసి లెక్క వేశారు, మన దగ్గర ఆ లెక్క వేసినవాళ్లు కూడా లేరు.

ఆ కేరళలోనే 2019లో ఫహీమా షిరీన్ అనే విద్యార్థిని హాస్టల్‌లో ఫోన్ ఆంక్షల మీద హైకోర్టుకి వెళ్తే, ఇంటర్నెట్ అందుబాటు చదువు హక్కులో భాగమని తీర్పు వచ్చింది. ఇంకో వైపు కశ్మీర్. అక్కడ 2019 ఆగస్టులో ఆపిన 4జీ తిరిగి పూర్తిగా రావడానికి 2021 ఫిబ్రవరి దాకా పట్టింది. నెట్ ఆగడం అక్కడ సర్కారీ హుకుం, కనీసం దాని మీద సుప్రీంకోర్టుకి పోవడానికి ఒక కాగితం ఉంది. మన గల్లీలో నెట్‌ని స్లో చేయమని ఎవరూ హుకుం ఇవ్వలేదు. అందుకే ఎవరూ జిమ్మేదారు కాదు.

మరి దారులేంటి? బస్తీలో రెండో ఫైబర్ ఉంటే దాన్ని చూడండి, అయితే పేరు చూసి కాదు. ఆ కనెక్షన్ ఉన్న ఇంట్లో ఇషా తర్వాత కూర్చుని కొలిచి చూడండి. బీఎస్ఎన్ఎల్ ఫైబర్ అంటే నవ్వేవాళ్లున్నారు. అది ఇళ్లకి వచ్చేది చాలాచోట్ల స్థానిక భాగస్వాముల ద్వారా, కాబట్టి ఒక గల్లీలో చెత్తగా, పక్క గల్లీలో చక్కగా ఉండొచ్చు. 2023లో ఎయిర్‌టెల్, జియో రెండూ ఎయిర్‌ఫైబర్ పేరుతో 5జీ ఇంటి కనెక్షన్లు తెచ్చాయి. కిరాయి ఇళ్లలో ఉండేవాళ్లకి, స్తంభం మీద వైరు రోజూ తెగే గల్లీలకి అది మంచి దారి. రెండు షరతులు. డబ్బా కొన్న తర్వాత కాదు, కొనకముందే మీ మిద్దె మీద నిలబడి అదే కంపెనీ సిమ్‌తో 5జీని ఐదు వక్తులూ కొలవండి, టవర్ కూడా పంచుకునే వస్తువే. రెండోది, డబ్బాని మిద్దె మీదే పెట్టించండి, అడుగున్నర గోడ లోపల కాదు.

వైరు పెట్టుకునే స్తోమత లేని ఇళ్లకి పీఎం-వాణి అని ఒకటుంది. 2020 డిసెంబరులో కేంద్ర కేబినెట్ మంజూరు చేసింది. కిరాణా కొట్టు, చాయ్ హోటల్, జిరాక్స్ దుకాణం, ఎవరైనా లైసెన్సు లేకుండా వైఫై అమ్మొచ్చు, చిల్లరగా. ఇది మా బస్తీలకోసమే పుట్టినట్టు ఉంటుంది. కానీ కంపెనీలు ఆ దుకాణాలకి ఖరీదైన కమర్షియల్ లైన్లే తీసుకోమనడంతో చాలామంది ముందుకు రాలేదు. 2025 జూన్‌లో ట్రాయ్ దీనికి ఒక హద్దు పెట్టింది, 200 ఎంబీపీఎస్ దాకా ఉండే ఇంటి ప్లాన్ ధరకి రెట్టింపు మించి ఆ దుకాణాల దగ్గర తీసుకోకూడదని. మా వైపు లైబ్రరీలో, నేత సహకార సంఘం ఆఫీసులో ఇలాంటిది ఒక్కటి పెడితే, ఆ మాక్ టెస్ట్ రాసే అమ్మాయికి ఇంటి నుంచి రెండు నిమిషాల నడక. కార్పొరేటర్ సాబ్ ఓపెన్ జిమ్‌కి రిబ్బన్ కోసినట్టే దీనికి కూడా కోయొచ్చు, ఫోటో బాగానే వస్తుంది.

ఒక్కో ఇల్లు ఒక్కో కంపెనీకి ఫోన్ చేసి బతిమాలుకోవడం కంటే నలభై ఇళ్లు ఒక కాగితం మీద సంతకాలు పెట్టి, తమ పదిహేను పదిహేను నంబర్లు జత చేసి ఇద్దరు ముగ్గురు ఆపరేటర్లకి ఇవ్వడం నయం. "మా గల్లీలో నలభై ఇళ్లున్నాయి, ఇషాకి కనీసం ఇంత ఇస్తామని రాసిచ్చినవాళ్లకి వస్తాం" అంటే కంపెనీకి అర్థమయ్యే జబాన్ అదే. మొబైల్ నంబర్ మార్చకుండా కంపెనీ మార్చుకునే హక్కు 2011 జనవరి నుంచి దేశమంతా ఉంది. ఆ ఒక్క హక్కు రాగానే కంపెనీల నడక ఎలా మారిందో మనం చూశాం. ఇంటి వైరుకి అలాంటిది లేదు. కాబట్టి పోర్టబిలిటీ మనమే తయారు చేసుకోవాలి, జమాత్‌గా.

ఇక షికాయత్ చేసే పద్ధతి. ఇక్కడ చిన్న ముచ్చట. ఉర్దూ మీడియంలో పది చదివి డిగ్రీలో తెలుగు తీసుకున్నప్పుడు నాకు ధైర్యం ఇచ్చిన మాటలు కొన్ని ఉన్నాయి: ఫిర్యాదు, దరఖాస్తు, రసీదు, జవాబు, దాఖలు, మంజూరు, జరిమానా, వసూలు. తెలుగువాడు హక్కు అడగడానికి నోరు తెరిస్తే సగం మాటలు మా ఇంటివే. అలాంటిది నా కనెక్షన్ ఇచ్చిన కంపెనీ యాప్‌లో ఫిర్యాదు పెడితే వచ్చే జవాబు ఉర్దూ కాదు, తెలుగు కాదు, "మీ సమస్య పరిష్కరించబడింది" అని ఇంగ్లీషులో ఒక మెసేజ్. సమస్య అక్కడే ఉంటుంది, టికెట్ మాత్రం ఖతం.

టికెట్ ఖతం అయితే కథ ఖతం కాదు. ట్రాయ్ 2012 నియమాల ప్రకారం ప్రతి షికాయత్‌కీ డాకెట్ నంబర్ ఇవ్వాలి. ఫోన్ పెట్టేసేముందు అది అడిగి రాసుకోండి, అదే మీ రసీదు. తృప్తి లేకపోతే 30 రోజుల్లోపు అదే కంపెనీ అప్పీలు అధికారికి వెళ్లొచ్చు, ఫీజు లేదు, 39 రోజుల్లో తేల్చాలి. ట్రాయ్‌కే నేరుగా రాస్తే లాభం లేదు, ఒక్కొక్కరి గొడవలు అది చూడదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అది కూడా దాటితే జిల్లా వినియోగదారుల కమిషన్. టెలికాం గొడవలు వినియోగదారుల కోర్టులో నడవవని చాలాకాలం కంపెనీల వకీళ్లు వాదించారు. 2022 ఫిబ్రవరిలో వొడాఫోన్ ఐడియా కేసులో సుప్రీంకోర్టు ఆ దారి తెరిచే ఉందని తేల్చింది. 5 లక్షల లోపు వ్యవహారానికి అక్కడ ఫీజు కూడా లేదు. ఆ నోట్‌బుక్ వెనక అట్ట మీద రాసిన పదిహేను నంబర్లు, డాకెట్ నంబర్లు, కట్టిన బిల్లులు, ఇవే మీ గవాహ్.

కొత్త కనెక్షన్ తీసుకునేవాళ్లకి చివరగా ఒకటి. ఏడాదికి ఒకేసారి కడితే రెండు నెలలు ఫ్రీ అని ఆశ పెడతారు. ముందే మొత్తం చేతిలో పడ్డాక మీ ఇషా గురించి వాళ్లకి ఫికర్ ఉండదు. ఇన్‌స్టలేషన్ ఛార్జీ కాస్త ఎక్కువైనా సరే, మొదట ఒక్క నెల కట్టండి. ఆ నెలలో మూడు రోజులు ఐదు వక్తులూ రాసుకోండి. వీలైతే అందులో ఒకటి క్రికెట్ మ్యాచ్ ఉన్న రాత్రి పడేలా చూసుకోండి. తర్వాత మూడు నెలలకి కట్టాలా వద్దా ఆలోచించండి.